మైలుతుత్తం నీళ్లు

లెవ్వమంటే లెవ్వవేంది మౌశీ? ఎన్నిసార్లు చెప్పాలె చిన్నమ్మా నీకు? అక్కడ పోచమ్మ గద్దె కాడ మా కులపోళ్లంత జమైతుంటే, నువ్వు చాటల బియ్యం పోసుకోని రాళ్లేరుకుంట కూసున్నవ్! రేపటి బువ్వ సంగతి రేపు జూద్దం. ముందుగాల ఇయ్యాల్టి గండం గట్టెక్కాలె గద!

ఆ చాట పక్కకు పెట్టు. పెట్టు జర. నా ముఖం దిక్కు జూడు.

నేను ముందటి వాకిట్ల నుంచి రాలే, సూసినవ్ గద. నీ కోళ్లగూడు పక్కపొంటి కంప జరుపుకోని దొంగ లెక్క వచ్చిన. కొంగు చినిగింది. చినిగితే చినిగింది గని, ఎవ్వలన్న సూసిండ్రేమో అని బుగులైతుంది. 'సమ్మన్న మరదలు ఐలమ్మ ఈ యాళ్లకు లక్ష్మీబాయి ఇంట్ల కూసున్నది' అని చెవుల పడితే, మా బావ సమ్మన్న నన్ను బతకనిస్తడా?

మూట కట్టుకో. రెండు చీరెలు, నీ బీపీ గోలీలు, చాలు. కోళ్లను నేను సూస్కుంట. వెనుకదిక్కు నుంచి పోయి బొగ్గు ఖదాన్ రోడ్డు ఎక్కితే పద్మాపూర్ దిక్కు నుంచి వచ్చే ఆటో ఏదన్న దొరుకుతది. చంద్రపూర్ల దిగి రాజురా బస్సెక్కు. నీ బిడ్డ విద్య ఉండనే ఉన్నది అక్కడ. అల్లుడు ఏమనుకుంటడు? అనుకోనీ. అత్త నాలుగు దినాలు ఉంటే ఆయన సొమ్మేం పోదు.

ఏంది? ఎందుకు పోవాలె అంటవా?

ఓ నా తల్లీ! తెల్వనట్టు అడుగుతవేంది? పొద్దుగాల మా దొడ్ల మల్ల రెండు గొర్లు పడ్డయ్. మంచిగ మేసే గొర్రె మౌశీ, మేత ముందటికెల్లి మొఖం తిప్పుకుంటది. తల తీస్కపోయి గోడకు ఆనిచ్చి నిలవడ్తది. కనురెప్ప ఎత్తి జూస్తే లోపలంత పసుపు. ఉచ్చ పోసిందంటే చాయ్ డికాషన్ లెక్క ఎర్రగ, నల్లగ. ఇగ తెల్లారేసరికి కాళ్లు సాపుతది. జొరం లేదు, దగ్గు లేదు, గాలికుంటు లేదు. మా ముసలోళ్లు సుత గిసొంటి రోగం ఎన్నడూ సూడలేదంటున్నరు.

తెల్వని రోగమొస్తే మనోళ్లేమంటరో నీకు నేను చెప్పాల్నా?

అవును. గదే మాట. బాణామతి అంటున్నరు. నీ పేరు వెట్టి అంటున్నరు.

నవ్వకు. నవ్వకు మౌశీ, నీ కాళ్లు మొక్కుత. నవ్వులాటగ ఉన్నదా నీకు? పొద్దు గుంకంగనే వస్తరు. నిన్ను గద్దె కాడికి తీస్కపోయి, నెత్తి మీద బిందెడు నీళ్లు గుమ్మరిచ్చి, 'నేను చేసింది నేను తీస్కున్న' అని నీ నోటితోని అనిపిస్తరంట. అననంటే? అననంటే ఏం జేస్తరో ఆ మాట నా నోట్లకు వస్తలేదు. పండ్ల సంగతి అంటున్నరు. మంత్రం పలికే నోరు గద, పండ్లు లేకుంటే మంత్రం పలకదంట. పండ్లు పీకనీకి పట్కారు తెచ్చిన సంగతి సుత చెప్పుకుంటున్నరు.

ఇగో, ఇప్పుడు నవ్వు ఆగింది.

నీ గొర్రె సుత పోయిందని నేనన్న. ఎందుకనలేదు? మంద మొత్తంల ముందుగాల పడ్డది నీదే గద! నీకున్నదే ఒక్క గొర్రె, దాన్ని నా మందల కలిపితివి పాలుకు, పుట్టే పిల్లల్ల చెరిసగమని. మంత్రగత్తె ఎవ్వతన్న సొంత గొర్రెను సంపుకుంటదా బావా, అన్న. దానికాయన ఏమన్నడో తెలుసా? 'గట్లనే జేస్తరు. ముందుగాల తమది ఇచ్చుకుంటరు, గప్పుడే మంత్రం పారుతది' అన్నడు. ఏమంటవు గిసొంటోళ్లతోని? ఏది చెప్పినా దాన్నే నీ మెడకు సుట్టవట్టిరి.

నీ నోరు సుత ఊకుండదు మౌశీ! తప్పుగ అనుకోకు గని, ఆ దినం నువ్వెందుకు అన్నవ్ ఆ మాట?

బల్లార్‌పూర్ అంగడి నుంచి వచ్చిన దినం. మంచి ధర పలుకలేదని, టెంపోల ఎట్ల తీస్కపోయినమో అట్లనే మలుపుకొచ్చినం. పొద్దంత ఎండల నిలవడి, టెంపోల ఒకదాని మీద ఒకటి పడుకుంట, గొర్లు హైరానైనయ్. దింపుతుంటే నువ్వు అరుగు మీద నిలవడి, 'అగ్గ బాయీ! ఐలమ్మా, ఎంత నిగనిగలాడుతున్నయే నీ గొర్లు, అద్దంల ముఖం సూస్కోవచ్చు' అంటివి. మంది ముందట అంటివి. మా బావ సుత అక్కడనే ఉండె. తెల్లారి నీ గొర్రె పడ్డది. ఆ ఎనుక ఒకటెనుక ఒకటి.

మెచ్చుకున్నవ్, నాకు తెల్వదా? మెచ్చుకున్న మాటకే మస్తు సంబురపడ్డ నేను. ఆ రాత్రి మా ఆయనకు సుత చెప్పుకున్న, మౌశీ గిట్ల అన్నదని.

ఆ నిగనిగ యాడికెల్లి వచ్చిందో... ఉండు. చెప్త. చెప్పాలె గావచ్చు నీకు. ఇంత దూరం వచ్చినంక దాపెట్టి ఏం ఫాయిదా?

గ్లాసు యాడున్నది? జర నీళ్లు తాగుత.

మా అయ్య మందను నువ్వు సూడలేదు. నల్ల గొర్లు, ఉన్ని గొర్లు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిచ్చి గొంగళ్లు నేసెటోళ్లు. ఇప్పుడు గొంగడి ఎవ్వలు కప్పుకుంటున్నరు? మేపుదమంటే బీళ్లన్ని ఖదాన్ మట్టిగుట్టల కింద పడ్డయ్. అందుకే ఉన్ని లేని ఎర్రగొర్లను తెచ్చుకుంటిమి, తెలంగాణ దిక్కు నుంచి. వీటికి మేక లెక్క వెంట్రుకలే. కత్తిరిచ్చే పని లేదు, మాంసం మంచిగ పడ్తది. దొడ్ల కట్టేసి మేపొచ్చు అన్నరు. మేపినం.

మొదటి ఈతల ఏమైందో యాదికున్నదా? పిల్లలు పుట్టుడు పుట్టినయ్ గని, ఎనుక కాళ్ల మీద నిలవడకపోయె. తాగినోని లెక్క ఊగుడు, పడుడు. పెద్దగొర్లకు చూస్తే ఎరుపంత ఎలిసి బూడిద రంగు. నువ్వే గద అప్పుడు ఒక పిల్లను ఒళ్లె వెట్టుకోని సీసతోని పాలు తాపినవ్.

అగో, గప్పుడు డాక్టరమ్మను పిలిచినం. వనితమ్మ, ఆ స్కూటీ మీద వచ్చే పశువుల డాక్టర్. ఆమె నెత్తురు తీసి పరీక్షకు పంపిచ్చి, 'ఐలమ్మా, నీ గొర్లకు తాంబా తక్కువైంది' అన్నది. రాగి. గొర్రె పెయ్యిల రాగి ఉంటదంట! నాకేం తెలుసు? రాగంటే చెంబులు, బిందెలు అనుకుంటి. చూలు గొర్లకు కొలిచి కొలిచి, ఒక్కొక్క దానికి ఇంతంత మందు తన చేతితోనే వేసింది. మల్ల ఈతకు జూడు, పిల్లలు పుట్టంగనే గంతులు! రంగు సుత తిరిగొచ్చె.

ఊరంత నన్నే మెచ్చుకున్నరు. డాక్టరమ్మను గాదు, నన్ను. 'ఐలమ్మ చెయ్యి మంచిది' అని. మా ఆయన అక్కచెల్లెండ్లు, బావ, మరుదులు, అందరు తమ గొర్లను తెచ్చి నా దొడ్లనే ఇడిసిరి. నువ్వు సుత ఇడిస్తివి. పుట్టింట్ల ఎవ్వలు నన్నొక మనిషిగ లెక్కవెట్టలే, అత్తింట్ల వెట్టలే. గొర్ల తోని పేరొచ్చె నాకు. ఐలమ్మ వస్తుందంటే మొగోళ్లు సుత గద్దె మీద జరిగి జాగిచ్చెటోళ్లు. నీకు తెల్వదు మౌశీ, ఆ రుసి ఎట్లుంటదో.

డాక్టరమ్మ చెప్పింది. నివద్దె చెప్పాలె గద, చెప్పింది. 'గొర్రెకు తాంబా చిటికెడు తక్కువైనా కష్టమే, చిటికెడు ఎక్కువైనా కష్టమే. నన్నడగకుంట ఏం పెట్టకు' అన్నది. చెవుల పడ్డది గని మనసుల పడలే. నేను కురుమోళ్ల ఆడబిడ్డను. నిన్న మొన్న కాలేజ్ చదివి వచ్చిన పిల్ల నాకు గొర్ల సంగతి చెప్పుడేంది, అనుకున్న.

చిటికెడుతోనే గింత మంచిగైతే, పిడికెడు పెడితే ఎట్లుంటయో! గదీ నా తెలివి.

దుకాణంల బర్రెల దాణా తెచ్చిన. సంచి మీద బర్రె బొమ్మ ఉండె. అండ్ల కలిపే పొడి సుత తెచ్చిన, బర్రెలకు పాలు పెరగనీకి పెడ్తరు సూడు, గది. బర్రెకు బలమిచ్చేది గొర్రెకు ఇయ్యదా? గొర్రె చిన్నది, జర తక్కువ పెడితే సరిపాయె అనుకున్న. ఆ పొడిల తాంబా ఉంటదని నాకెరుక లేదు. ఉన్నదని తెలిస్తే ఇంక సంబురపడి ఇంక పెడుదును గావచ్చు.

గంతటితోని ఆగినా బాగుండు.

మిరుగు నాడు, మృగశిర కార్తె పొద్దు, మా అయ్య గొర్లకు తుత్తం నీళ్లు తాపెటోడు. మైలుతుత్తం. మీ మరాఠోళ్లు మోర్చూద్ అంటరు సూడు, సంత్ర చెట్లకు కొడ్తరు, నెమలి మెడ లెక్క నీలంగుంటది, అదే. కుండెడు నీళ్లల్ల కలిపి, బొంగు గొట్టంతోని గొర్రె నోట్లె పోసెటోడు. కడుపుల పురుగు చస్తదని. ఏడాదికొక్కసారి. ఇంటి దేవునికి చెయ్యకున్నా గని ఆ పని ఇడిసెటోడు గాదు. మా అయ్య మంద ఎన్నడన్న సచ్చిందా? సావలే. అట్లనే నేను సుత మొన్న మిరుగుకు పోసిన. అయ్య గొట్టమే, నేను దాసుకున్న. పోసినంక ఇంక మంచిగైతయని, నెల తిరుగంగనే మల్ల పోసిన. ఆ ఎనుక సుత పోసిన.

మా అయ్య గొర్లు పొద్దంత నడిసేటియి మౌశీ. నూరు తీర్ల ఆకులు, నూరు తీర్ల గడ్డి తినేటియి. బర్రె దాణా మొఖం ఎర్కనా వాటికి? నా గొర్లు దొడ్ల కట్టేసి ఉండె. దాణల తాంబా, పొడిల తాంబా, నీళ్లల్ల తాంబా.

ఎవ్వలకు చెప్పలే. మా ఆయనకు సుత. చెప్తే 'ఐలమ్మ చెయ్యి' అననీకి ఏముంటది? 'ఐలమ్మ సంచి' అంటరు. తెల్లారక ముందే లేసి కలిపి పెట్టేదాన్ని.

ఎందుకట్ల జూస్తున్నవ్? చెప్పంది చెప్తుంటే ఇను మౌశీ, చూపుతోని సంపకు.

ఇయ్యాల పగటీలి మొగోళ్లంత గద్దె కాడికి పోయిండ్రు. దొడ్డి కాడ నేనొక్కదాన్నే, సచ్చిన గొర్రె పక్కన. డాక్టరమ్మ స్కూటీ ఆగింది. ఎవ్వలు ఫోన్ జేసిండ్రో! 'కోసి చూస్త' అన్నది. కోసింది. పుట్టినకాడికెల్లి కోసిన గొర్రెను చూసినదాన్ని నేను. గసొంటి కార్జం ఎన్నడు సూడలే. పచ్చగ, వేలు పెడితే చితికెటట్టు. గుర్దాలైతే, అవే కిడ్నీలు, రెండూ బొగ్గే.

'ఏం పెడుతున్నవ్ ఐలమ్మా?'

'గడ్డి.'

'ఇంకా?'

'తవుడు మేడం, ఇంకేం పెడ్త.'

'ఇంకా?'

ఆమె లేసి చేతులు కడుక్కోనీకి బకిట తెమ్మంది. నేను లోపలికి పోతే నా ఎనుకనే వచ్చింది. మూలకు సంచి. సంచి మీద పొడి డబ్బ. గోడకు గొట్టం, మూతికాడ నీలం మరక. ఆమె అన్నీ చూసింది మౌశీ. తిట్టినా బాగుండు. కింద కూసున్నది నా పక్కన, మట్టిల.

చెప్పింది. బర్రె అయితే ఎక్కువైంది కొంత బయటికి పారేస్తదంట. గొర్రె పారెయ్యదు. తాంబా వచ్చింది వచ్చినట్టు కార్జంల దాసుకుంటది. నెలల పొంటి దాసుకుంటది. పైకేం కనవడదు, మంచిగనే ఉంటది, మేస్తది, నిగనిగలాడ్తది. ఇగ ఒక దినం ఏదన్న బెదురు తగిలితే, దూరం తోలినా, కుక్కలు తరిమినా, టెంపోల కుక్కి ఎండల తిప్పినా, ఆ దాసుకున్నదంత ఒక్కపారి నెత్తుట్ల పడ్తది. నెత్తురంత ఇరిగిపోతది. ఆ ఉచ్చల వచ్చేది గదే.

అంగడి, టెంపో. ఇన్నవా? నీ కన్ను గాదు, నీ మాట గాదు. మా దొడ్ల నేను పెట్టింది, బల్లార్‌పూర్ రోడ్డు మీద పలిగింది.

ఇప్పుడేమంటవ్?

ఆళ్లకు చెప్పినవా అంటవా... డాక్టరమ్మ సుత గదే అడిగింది. 'నేను చెప్పాల్నా, నువ్వు చెప్తవా' అన్నది. 'నేనే చెప్త మేడం, మీరు పోయి మందు తెండ్రి' అన్న. చంద్రపూర్ పోయింది మందుకు. ఏవో ఉప్పులంట, దాణల కలిపి పెడితే కార్జంల ఉన్నది మెల్లమెల్లగ దిగుతదంట. దొరకకుంటే నాగ్‌పూర్ నుంచి తెప్పిస్త అన్నది. నిలవడ్డ గొర్లన్ని బతుకుతయని మాటియ్యలే. కొన్ని బతుకుతయ్ అన్నది.

ఎట్ల చెప్పను మౌశీ? ఎట్ల చెప్పమంటవ్? ఆ గొర్లు నావా? బావ పొట్టేళ్లున్నయ్. మా ఆడిబిడ్డ బిడ్డ పెండ్లికని పెంచుకున్నయున్నయ్. అందరి నోటికాడి బుక్క నా చేత్తోని నేలపాలు జేసిన. తాంబా అంటే ఎవ్వలకు సమజైతది? 'మైలుతుత్తం తాపి సంపింది' అంటరు, గంతే. దినాం దొంగతనంగ లేసి ఏదో కలిపి పెట్టిందంటే ఏమంటరు? ఇయ్యాల నిన్ను అన్న మాటే రేపు నన్నంటరు. నీ నెత్తి మీదికెల్లి దిగినంక ఆ పేరు గాలిల ఉంటదా? ఇంకొకదాని నెత్తి మీద కూసోవాలె గద!

అందుకే పొమ్మంటున్న. ఇగ నీకు సమజైంది. నీ మీది ప్రేమతోని ఉరికొచ్చిన అనుకున్నవా? ప్రేమ లేదని గాదు. నా కొడుకు మల్లేష్ పుట్టినప్పుడు బొడ్డు కోసింది నువ్వే, నాకు యాదున్నది. కని నువ్వు పోతే, నేను ఏం చెప్పకుంట బతుకుత అనుకున్న. మంది వచ్చి ఇల్లు ఖాళీ జూస్తరు, నాలుగు తిట్లు తిడ్తరు, పోతరు. నేను మెల్లగ డాక్టరమ్మ మందు పెట్టుకుంట. గొర్లు తేరుకుంటయ్. 'పోచమ్మ సల్లగ జూసింది' అంటరు. నీకేమైతది? నువ్వు బిడ్డ ఇంట్ల ఉంటవ్.

ఏమన్నవ్?

పారిపోయిందంటే... అవును. పారిపోయిందంటే చేసింది నిజమే అంటరు. నేను అందాక ఆలోచన చెయ్యలే. లేదు, చేసిన. చేసి పక్కకు వెట్టిన.

ఏందేంది, మల్ల అను? గొర్ల సంగతా? నువ్వు పోతే గొర్లను ఊకె ఇడుస్తరా అంటవా?

ఇడువరు.

దొడ్ల కెల్లి అన్నిటిని తీసి, వేపమండల పొగ వెట్టి, డప్పులు కొట్టుకుంట పొలిమేర దాక ఉరికిస్తరు. కీడును పొలిమేర దాటిచ్చుడు. నువ్వున్నా ఉరికిస్తరు, పోయినా ఉరికిస్తరు. రోగమొచ్చిన మందను మా తాతలు గట్లనే చేసిండ్రు. డాక్టరమ్మ ఏమన్నది? అడుగు తీసి అడుగు పెట్టనియ్యకు, సప్పుడు సుత చెయ్యనియ్యకు అన్నది. పొగ వెట్టి డప్పులతోని ఉరికిస్తే... తెల్లారేసరికి దొడ్ల ఒక్కటి మిగలదు మౌశీ.

మిగలకపోతే ఏమంటరు? 'రాజురాల కూసోని సుత సంపుతుంది' అంటరు. టెంపో మాట్లాడుకోని రాజురా వస్తరు. నీ బిడ్డ ఇంటి ముందట నిలవడ్తరు. గప్పుడు పండ్లతోని పోతదా?

అయ్యో! అయ్యో, నాకెందుకు తట్టలే! నిన్ను పంపిస్తే నువ్వు బతుకుతవనుకున్న గద నేను!

ఉండు. నా చెయ్యి పట్టుకోకు. పట్టుకోకు అంటున్న గద. నేనింకొకటి చెప్పలే నీకు. అది ఇన్నంక పట్టుకో, పట్టుకోబుద్ధైతే.

బావ భగత్ దగ్గరికి, అగో ఆ సోది చెప్పే మంత్రగాని దగ్గరికి, పోయిండు గద. ఆ భగత్ ఏమన్నడో తెలుసా? 'ఒంటి ఆడిదాని కన్ను' అన్నడు. గంతే. పేరు చెప్పలే. ఈ చుట్టుపక్కల ఒంటి ఆడోళ్లు ఎంతమంది లేరు? ఖదాన్ల మొగండ్లు సచ్చినోళ్లే ఇంటికొకరు. బావ ఇంటికొచ్చి మా ఆడోళ్లందర్ని వాకిట్ల నిలవెట్టిండు. ముందుగాల నన్నే అడిగిండు. 'మేపేదానివి నువ్వు. నువ్వేం పెడుతున్నవ్ ఐలమ్మా?' అన్నడు. సూటిగ నా కండ్లల్లకు జూసి అన్నడు.

నా పానం గుప్పెట్లకొచ్చె. అందరు నా దిక్కే జూస్తుండ్రు. మా ఆయన సుత.

'నేనేం పెడ్త బావా, అందరు పెట్టేదే. ఆ దినం లక్ష్మీబాయి ఏమన్నదో నువ్వు సుత ఇంటివి గద' అన్న.

నేనే అన్న మౌశీ. ఇంకెవ్వలు అనలే. నీ పేరు నా నోట్లె కెల్లే ఎల్లింది. ఎల్లుడే ఆలస్యం, అందరు అందుకున్నరు.

గప్పటికి డాక్టరమ్మ గొర్రెను కొయ్యలే, నాకేం తెల్వదు అని చెప్పుకుంట వచ్చిన నాకు నేను. అబద్ధం. తెలుసు. పేరు తెల్వదు, తాంబా అని తెల్వదు, కని నీ గొర్రె పడ్డప్పుడే నా కడుపుల తెలుసు, ఇది నేను పెట్టినదాని తోనే అని. ఆ పొద్దు దాణా సంచిని గడ్డిమోపు కింద దాసిపెట్టిన. ఇయ్యాల్టిదాక అది గడ్డి కిందనే ఉండె. డాక్టరమ్మ వచ్చే ముందట ఒక గొర్రె మూల్గుతుంటే, బలమొస్తదని మల్ల అదే మూలకు గుంజి, తీసి పెట్టబోయిన. చెయ్యి ఆగింది. తెల్వకుంటే చెయ్యి ఎందుకు ఆగుతది?

ఇగ పట్టుకుంటవా నా చెయ్యి?

...పట్టుకోకు. మంచిది. పట్టుకుంటే నేను ఏడుద్దును.

డప్పు. ఇనవడ్తుందా? అగో, గద్దె కాడికెల్లి బయలెల్లిండ్రు. ఇంక పొద్దు గుంకనే లేదు, గింత తొందరేంది వీళ్లకు!

యాడికి లేస్తున్నవ్? కూసో! ఇంతసేపు లెవ్వమంటే లెవ్వకపోతివి, ఇప్పుడు లేస్తవా? పోయి ఆళ్లకేం చెప్తవ్? నువ్వు చెప్తే ఎవ్వలింటరు? మంత్రగత్తె మాటనుకుంటరు. డాక్టరమ్మ వచ్చి చెప్పినా, 'నీకేం తెల్వదు పోవమ్మా' అంటరు. వాళ్లు ఒక్కదాని మాటే ఇంటరు గొర్ల కాడ. ఐలమ్మ చెయ్యి మంచిది గద!

మా ఆయన డప్పుల పక్కన ఉంటడు. ఆయన మొఖం ఎట్ల జూడాలె, గదే నా రంది. బావ చెయ్యెత్తుతడు, తెలుసు. ఎత్తనీ. ఇంట్లకెల్లి ఎల్లగొడ్తరు, ఎల్లగొట్టనీ. నిండ మునిగినంక సలేంది?

గొళ్లెం తియ్యనీ, జరుగు. నువ్వు లోపలనే ఉండు, నేను పిలిచేదాక బయటికి రాకు. నేను పిలువకపోతే అస్సలు రాకు. ముందుగాల డప్పు ఆపమంట. ఆపినంక దొడ్డి దిక్కు ఎవ్వలు పోవద్దంట. ఆ ఎనుక సంచి సంగతి, గొట్టం సంగతి చెప్త. సమజైతే అయితది, కాకుంటే లేదు.

వాళ్లకు గావాల్సింది ఒక ఆడిదాని పేరు మౌశీ, గంతే. నాకు సుత ఉన్నది ఒక పేరు.